గోధుమ తగలని మర: ఉప్పల్ దగ్గరి ఒక చిన్న పిండి దుకాణం గురించి

ఈ సమీక్ష నాలాగా గోధుమ అసలు పడనివాళ్ల కోసం గోధుమ తగలకుండా పిండి పట్టే ఒక మర గురించి, దానికి ఆనుకుని ఉన్న చిన్న దుకాణం గురించి. హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర ఒక ఇరుకు సందులో ఉంటుంది. పేరు రాస్తానంటే యజమాని ఒప్పుకోలేదు. "పేరు రాస్తే జనం వస్తరమ్మా, గోధుమ తగలని మిషను నా దగ్గర ఒక్కటే ఉన్నది, అందరికీ పట్టియ్యలేను" అన్నారు. ఆయన మాట కాదనలేక పేరు వదిలేస్తున్నాను. ఇలాంటి మర ఎలా ఉండాలో, అక్కడ ఏం అడగాలో తెలిస్తే మీ ఊళ్లోనే ఒక గిర్ని యజమానిని ఒప్పించుకోవచ్చు కనుక మిగతా వివరాలన్నీ రాస్తున్నాను.

పిండి మరకు సమీక్ష ఏమిటని అనుకునేవారికి నా సంగతి కొంత చెప్పాలి. మూడేళ్ల క్రితం మావారికి షుగర్ అని తేలిన దగ్గర నుంచి మా ఇంట్లో రాత్రి అన్నం మానేసి చపాతీలు చేసుకోవడం మొదలైంది. ఆయన ఒక్కరికీ వేరే వంట ఎందుకని అందరం అవే తిన్నాం, పొద్దున పిండి రుబ్బే ఓపిక లేనప్పుడు బొంబాయి రవ్వ ఉప్మాయో గోధుమ రవ్వ ఉప్మాయో అయ్యేది. ఏడాది తిరగకముందే నా బరువు 62 కిలోల నుంచి 49కి వచ్చింది. మొదటి నాలుగు కిలోలు తగ్గినప్పుడు బడిలో తోటి టీచర్లు ఏం డైటింగ్ చేస్తున్నావని అడిగారు, నేనూ మురిసిపోయి చపాతీల మహిమ అని చెప్పాను. అది ఎంత తలకిందులు మాటో అప్పటికి తెలియదు. తర్వాత అంట్లు తోముతుంటే గాజులు వాటంతటవే మణికట్టు దాటి సింకులో పడడం, టైలరు రవికెలకు మూడోసారి కుట్లు వేస్తూ "ఒంట్లో బాగుంటోందా మేడం" అని అడగడం మొదలైనప్పుడు గానీ భయం వేయలేదు.

కడుపు ఉబ్బరం, రోజుకు నాలుగైదు సార్లు విరేచనాలు, నోట్లో పుళ్లు, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా పెరగని రక్తం. ఒకచోట నులిపురుగుల మందు ఇచ్చారు, ఇంకోచోట గ్యాస్ మాత్రలు ఇచ్చారు, మరోచోట క్షయ అనుకుని ఎక్స్‌రేలు, కఫం పరీక్షలు చేయించారు. థైరాయిడ్ చూశారు, క్యాన్సర్ కాదని తేల్చడానికి స్కానింగులు తీశారు. ఈలోగా నీరసంగా ఉన్నానని చూడవచ్చిన బంధువులు తెచ్చినవి ఏమిటంటే బ్రెడ్డు పొట్లాలు, మాల్ట్ పొడి డబ్బాలు. మన ఇళ్లలో జబ్బుపడ్డ వాళ్లకు తేలికగా అరుగుతుందని పెట్టేవి అవే కదా. మొదటిది గోధుమ, రెండోదాంట్లో గోధుమతో పాటు మొలకెత్తించిన బార్లీ. నా జబ్బుకు మేత వేసింది నా వాళ్ల ఆప్యాయతే.

చివరికి ఒక పేగుల డాక్టరుగారు రక్తంలో టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేస్ యాంటీబాడీల (రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత ఒంటి మీదే తయారుచేసే పదార్థాల) పరీక్ష రాసి, ఫలితం చూసి ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. అంతవరకు చపాతీలు మానవద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే ముందే మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోయి, పేగు కొంత కోలుకుని, పరీక్షలో జబ్బు దొరక్కుండా పోతుంది. వచ్చిన పేరు సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు తగిలినప్పుడల్లా శరీరంలోని రక్షణ వ్యవస్థ తన పేగు మీదే దాడికి దిగుతుంది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ మీది నూగులా లక్షల కొద్దీ చిన్న చిన్న మొలకలుంటాయి, తిన్నదాన్ని ఒంటికి పట్టించేవి అవే. ఆ నూగు అరిగిపోయి గోడ నున్నగా అయితే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దీనికి ఇప్పటికీ మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. ఆ సంగతి మొదట పట్టుకున్నది విల్లెం డిక్కె అనే డచ్ పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరక్కుండా పోయినప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్లీ రాగానే తిరగబెట్టడం చూశాక తన అనుమానం ఆయనకు మరింత బలపడింది.

మన దగ్గర దీని పేరు విన్నవాళ్లే తక్కువ. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తర భారతంలో నూటికి 1.23 మందికి, దక్షిణాన నూటికి 0.10 మందికి, అంటే వెయ్యికి ఒకరికి ఈ వ్యాధి కనిపించింది. దీనికి వీలిచ్చే జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు అంతే మందిలో ఉన్నాయి. తేడా అంతా కంచంలో ఉంది: అక్కడ మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే ఇక్కడ 25 గ్రాములు. ఆ 25 ఇప్పుడు మా ఇంట్లోలాగే ఎన్ని ఇళ్లలో పెరుగుతోందో ఆలోచిస్తే కొంచెం దిగులుగా ఉంటుంది. వెయ్యికి ఒకరి కోసం ఏ గిర్నివాడైనా వేరే మిషను పెడతాడా? ఈ పెద్దాయన పెట్టారు. వాళ్ల మనవరాలికి ఇదే జబ్బు.

అన్నం తినే వాళ్లం కదా, నీకేం కష్టమని చాలామంది అంటారు. అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, సర్వపిండి, రాగి సంకటి, వీటన్నింటి పుట్టుకలో గ్లూటెన్ లేని మాట నిజమే. అయితే జొన్నలో లేని గోధుమ జొన్నపిండిలోకి మర దగ్గర చేరుతుంది. గోధుమపిండి బరువులో దాదాపు పదో వంతు గ్లూటెనే. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ రహితం అని రాసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. కిలో జొన్నపిండిలో ఒక్క గ్రాము గోధుమపిండి, అంటే రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు కలిసినా ఆ హద్దుకు నాలుగైదు రెట్లు దాటిపోతుంది. మామూలు మరలో మనకన్నా ముందు వచ్చినవాళ్ల గోధుమలు పట్టి, అదే రాళ్ల మధ్య మన జొన్నలు పోస్తే కలిసేది ఒక గ్రామేనా?

మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఒక గంట నిలబడి చూశాను. గోధుమ పట్టే మిషను, కారం పట్టే మిషను ముందు షెడ్డులో ఉన్నాయి. గోధుమ తగలనిది వెనక గదిలో, వేరే గుమ్మంతో, మధ్యలో గోడతో ఉంది. ముందు షెడ్డులో పనిచేసే కుర్రవాడు ఆ గుమ్మంలోకి రాడు, అతని చొక్కా నిండా పిండే. పెద్దాయన లోపలికి వెళ్లే ముందు చొక్కా మార్చుకుని, కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కున్నారు, ఆఖరికి కనుబొమలు కూడా తడిపి తుడుచుకున్నారు. అన్నింటికన్నా నాకు నమ్మకం కలిగించింది మిషను మూతికి కట్టే గుడ్డ గొట్టం. పిండి ఎగిరిపోకుండా డబ్బాలోకి జారేది దానిలోంచే. మామూలు మరల్లో ఆ గుడ్డ ఏళ్ల తరబడి అదే ఉండి, దాని నేతలో అన్ని రకాల పిండ్లూ ఇంకి గట్టిపడి ఉంటుంది. రాళ్లు తుడిచి ఇచ్చామనే వాళ్లకు ఆ గుడ్డ గుర్తుకు రాదు. ఇక్కడ వెనక గదిలో నీలం గుడ్డ, ముందు తెల్లగుడ్డ, పొరపాటున కూడా మారకుండా రంగు తేడా. మీరు ఏ మరకు వెళ్లినా మొదట ఆ గుడ్డ గురించి అడగండి.

పొట్లాల మీద "గ్లూటెన్ రహితం" అని ఉండదు, "గోధుమ తగలని మరలో పట్టినది" అని చేత్తో రాసి ఉంటుంది. పరీక్ష చేయించకుండా మొదటి మాట రాయడం తప్పని ఆయనకు తెలుసు. ఖరీదైన పొట్లాల మీద పెద్ద అక్షరాలతో కనిపించే మాటకన్నా ఈ చేతిరాతను నేను ఎక్కువ నమ్ముతాను, కాకపోతే అది నమ్మకమే గానీ కొలత కాదని కూడా గుర్తుంచుకుంటాను. ఆరు నెలలకోసారి నా రక్త పరీక్షే దానికి కొలత.

ఇక సరుకు సంగతి. జొన్నపిండి చాలా బాగుంది. అప్పటికప్పుడు పట్టినది కాబట్టి వేడినీళ్లు పోసి పిసికితే ముద్ద విడిపోకుండా నిలుస్తుంది, అరచేత్తో తడుతుంటే అంచులు పెద్దగా చిట్లవు. గోధుమ ముద్దను సాగదీసే జిగురే గ్లూటెన్ కనుక అది లేని పిండిని అప్పడాల కర్రతో ఒత్తలేమని, తట్టాల్సిందేనని మా అత్తగారి తరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, నేను మాత్రం నలభై దాటాక నేర్చుకున్నాను. బియ్యప్పిండి సన్నగా, తడి లేకుండా ఉంటుంది. రాగిపిండి కొంచెం బరక, సంకటికి ఫరవాలేదు, దోసెకు జల్లించుకోవాలి. చపాతీ కోసం బియ్యం, జొన్న, ఇసబ్గోల్ పొట్టు కలిపి ఒక మిశ్రమం అమ్ముతారు, అది నాకు నచ్చలేదు. పెనం మీది నుంచి తీసిన వెంటనే తింటే ఫరవాలేదనిపిస్తుంది గానీ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మధ్యాహ్నం తెరిస్తే ఎండబెట్టిన అట్టముక్కే. ఆదివారం పొద్దున దుకాణం ముందు ఆయన భార్య చేసే సర్వపిండి కోసం మాత్రం మావారు కూడా షుగర్ సంగతి మరిచి వస్తారు. నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కరివేపాకు వేసి, గిన్నె అడుగున ఎర్రగా కాల్చి, నాలుగు చిల్లుల్లోంచి నూనె వదిలి తీస్తారు.

ఫిర్యాదు ఒకటుంది. నిరుడు ఉగాదికి ముందు అక్కడ పులిహోర పొడి, సాంబారు పొడి కూడా పెట్టారు. చింతపండు, మిరపకాయలు, పప్పులే కదా అని తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో కడుపు మళ్లీ పాత పాట మొదలుపెట్టింది. తిన్నవన్నీ కాగితం మీద రాసుకుని చూస్తే కొత్తది ఆ పొడి ఒక్కటే. దుకాణానికి వెళ్లి ఏమేం వేశారో చూపించమన్నాను. అన్నీ చూపించి చివర ఇంగువ డబ్బా తీశారు. దాని వెనక కంటికి ఆనని అక్షరాల్లో గమ్ అరబిక్, గోధుమపిండి, ఇంగువ అని వరసగా ఉంది. అసలు ఇంగువ ఘాటు భరించలేం కనుక పిండితో కలిపి అమ్ముతారు, ఆ పిండి చాలా రకాల్లో మైదానో గోధుమో. పప్పులో, చారులో, పులిహోరలో, ఆవకాయ తప్ప దాదాపు ప్రతి ఊరగాయలో ఇంగువ వేసుకునే మనకు ఇంతకన్నా పెద్ద దొంగ దారి ఇంకొకటి లేదు. మనవరాలికి రెండేళ్లుగా అదే ఇంగువ పోపు పెడుతున్న ఆ పెద్దాయన డబ్బా చేత్తో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ పొడులన్నీ నా కళ్లముందే కిందికి దించేశారు. ఇప్పుడు బియ్యప్పిండితో కలిపిన ఇంగువ తెప్పించి దానితోనే చేస్తున్నారు, కావాలంటే విడిగా కూడా అమ్ముతారు.

చిన్న లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. పొట్లాల మీద పట్టిన తేదీ ఉండదు, వానాకాలంలో జొన్నపిండి పది రోజులకే చేదెక్కుతుంది కనుక ఇది అడిగి తెలుసుకోవాలి. ఇంటికి పంపించే ఏర్పాటు ఉంది గానీ నేను వాడుకోను: ఒకసారి కుర్రవాడు నా సంచిని ఇంకొకరి గోధుమపిండి సంచి కింద పెట్టి తెచ్చాడు, పైసంచి కుట్టు వదిలి నా పొట్లాల మీద తెల్లగా పొడి రాలి ఉంది. వెనక్కి పంపితే మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు. జొన్నపిండి కిలో 90 రూపాయలు, మామూలు గిర్నిలో పట్టించుకునే దానికన్నా ఎక్కువే, గ్లూటెన్ రహితం అని అమ్మే పెద్ద పొట్లాలతో పోలిస్తే సగం కూడా కాదు.

ఏడాదిన్నరలో నా బరువు 57కు చేరింది, రక్తం పెరిగింది, యాంటీబాడీలు పోయినసారి పరీక్షలో మామూలు స్థాయికి దిగాయి. ఇదంతా మర ఘనతని చెప్పను, బయట తినడం మానేయడం, పెనం వేరు చేసుకోవడం, ఎమ్మెల్యే పెసరట్టును దాని కడుపులోని ఉప్మాతో సహా వదులుకోవడం కూడా ఉన్నాయి. పోయిన కార్తీకంలో అన్నవరం వెళ్లి, గోధుమ నూకతో చేసే ఆ ప్రసాదాన్ని కళ్లకద్దుకుని మావారి చేతిలో పెట్టేశాను.

వెనక మిషను మంగళ, శని వారాల్లో మాత్రమే, పొద్దున ఏడు నుంచి పదకొండు వరకు నడుస్తుంది. మీ గింజలు మీరే తెచ్చుకుంటే రాళ్లూ గోధుమలూ లేకుండా ఏరి, కడిగి, ఎండబెట్టి, కొత్త సంచిలో తేవాలి. గోధుమపిండి మోసిన సంచిలో తెస్తే ఆయన గుమ్మం దగ్గరే ఆపేస్తారు, నన్నూ ఒకసారి ఆపారు. సంక్రాంతికి సకినాల పిండి పట్టిస్తామని ఇప్పటికే పదిమంది పేర్లు రాయించుకున్నారు, నాది పదకొండో పేరు.