డర్ట్ బైక్‌లో ఇంజన్ ఆయిల్ లెవెల్: 300 గంటల వాడకం తర్వాత సమీక్ష

ఇది ఒక బైకుకి మార్కులు వేసే సమీక్ష కాదు. 230 సీసీ తరగతి ఎయిర్‌కూల్డ్ ట్రెయిల్ బైకు ఒకటి, 250 సీసీ లిక్విడ్‌కూల్డ్ 4-స్ట్రోక్ ఒకటి, రెండూ అవర్ మీటర్‌లో 300 గంటలు దాటాయి. వాటిలో ఆయిల్ లెవెల్ అటూ ఇటూ జరిగితే వేడి ఎలా మారుతుంది, లీకు ఎక్కడ మొదలవుతుంది అన్నదే ఇక్కడి విషయం. ముందే చెప్పేయాల్సిన మాట: ఇంజన్ మరీ వేడెక్కుతోంది, ఆయిల్ కారుతోంది అన్నప్పుడు చాలామంది ఆయిల్ బ్రాండు మారుస్తారు. ముందు చూడాల్సింది లెవెల్ ఎలా చదివారన్నది. ఆయిల్ కనిష్ఠ, గరిష్ఠ మట్టాలు చూపే రెండు గుర్తుల మధ్య నుంచి పై గుర్తుకు కాస్త కింద దాకా ఉంచితే రెండు ఇంజన్లూ స్థిమితంగా నడిచాయి. పై గుర్తు తాకేలా నింపాలన్న పట్టుదల మంచిది కాదు.

కారు ఇంజన్‌లో నాలుగు లీటర్ల ఆయిల్ ఉంటే 200 మి.లీ. తగ్గడం ఇరవయ్యో వంతు. లీటరు పట్టే డర్ట్ బైక్‌లో అదే 200 మి.లీ. అయిదో వంతు. పైగా ఆ ఒక్క లీటరే క్రాంక్ బేరింగులకీ, గేర్లకీ, ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్‌కీ, ఇంజన్ పైభాగమైన హెడ్డులో వాల్వులను తెరిచే కామ్‌కీ సరిపోవాలి. ఎయిర్‌కూల్డ్ ఇంజన్‌లోనైతే హెడ్డు వేడిని కిందికి తెచ్చే పనిలో చాలా బరువు దానిదే. ఇరుకు దారిలో, రాళ్ల మీద, మొదటి గేర్‌లో క్లచ్ జార్చుకుంటూ వెళ్తున్నప్పుడు ఆ ప్లేట్ల రాపిడి వేడంతా కూడా ఆయిల్‌లోకే దిగుతుంది. అందుకే నెమ్మదిగా వెళ్లిన రోజునే ఆయిల్ ఎక్కువ ఉడుకుతుంది.

లెవెల్ తగ్గితే మొదటి దెబ్బ హెడ్డుకి. పంపు నుంచి చివరిగా ఆయిల్ అందేది కామ్‌కీ రాకర్లకీ కాబట్టి, టిక్ టిక్ శబ్దం అక్కడే మొదలవుతుంది. చదును నేల మీద కింది గుర్తు దగ్గర ఉన్న ఆయిల్ నిటారు ఎక్కుడులో వెనక్కి పోతుంది. పంపు ఆయిల్ పీల్చుకునే పికప్ జాలి ఎటువైపు ఉందన్న దాన్ని బట్టి పంపు ఒక్క క్షణం గాలి మింగుతుంది. ఆ క్షణమే చాలు. ఉన్న కాస్త ఆయిల్ చల్లారేందుకు వ్యవధి లేకుండా మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది కనుక త్వరగా పలచబడి నల్లగా మారుతుంది. ఐడిల్ దానంతటదే పైకి నిలిచిపోవడం, న్యూట్రల్ దొరక్కపోవడం, క్లచ్ లివర్ ఆట మారిపోవడం ఈ దశలో కనిపించే గుర్తులు.

తక్కువ ఆయిల్ నేరుగా లీకు తెప్పించదు, కానీ దారి వేస్తుంది. షాఫ్ట్‌ల చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే మామూలు నైట్రైల్ రబ్బరు సీళ్లు నిరంతరంగా తట్టుకునేది సుమారు 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడి. అంతకు మించి తరచూ వేడెక్కితే సీలు పెదవి గట్టిపడి షాఫ్ట్‌ని పట్టుకోవడం మానేస్తుంది. లీకుతో లెవెల్ తగ్గుతుంది, లెవెల్ తగ్గితే వేడి పెరుగుతుంది, ఆ వేడికి పక్క సీలు కూడా పోతుంది. ఒకసారి బాగా ఉడికిన ఇంజన్‌కి నెల తిరక్కుండా రెండు మూడు చోట్ల చెమ్మ కనబడటానికి కారణం ఇదే.

ఎక్కువ పోయడం ఇంకా మోసం, ఎందుకంటే చేసినవాళ్లకి జాగ్రత్త పడ్డామన్న ధీమా ఉంటుంది. మట్టం పెరిగితే క్రాంక్, గేర్లు ఆయిల్‌లో మునిగి దాన్ని మజ్జిగలా చిలుకుతాయి. నురగ పట్టిన ఆయిల్‌లో గాలి బుడగలుంటాయి. బుడగలు నలిగిపోవడంతో పంపుకి ఒత్తిడి నిలవదు, వేడి మోయడం కూడా వాటికి చేతకాదు. చిలకడానికి ఖర్చయిన శక్తి మళ్లీ వేడిగానే మిగులుతుంది. అంటే లెవెల్ ఎక్కువైనా ఇంజన్ వేడెక్కుతుంది, తక్కువైనా వేడెక్కుతుంది. తేడా లీకులో తెలుస్తుంది. ఎక్కువైనప్పుడు కేసులో, అంటే క్రాంక్ తిరిగే ఇంజన్ పెట్టెలో, గాలికి చోటు తగ్గి పిస్టన్ కింది ఒత్తిడి పెరుగుతుంది. అది ముందు, కేసులోని ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ పైపు గుండా ఆయిల్‌ని ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి తోస్తుంది. ఫోమ్ నానిపోయి గాలి అందక బైకు గొణుగుతుంది, సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంది. బ్రీదర్ చాలకపోతే ముందు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) వెనక సీలు, గేర్ లివర్ షాఫ్ట్ సీలు, కవర్ గాస్కెట్లు చెమర్చడం మొదలవుతుంది. సీళ్లు బాగున్నా ఇలా కారుతుంది. కాబట్టి సీలు కొనేముందు లెవెల్ సరిచేసి, రెండు గంటలు నడిపి చూడాలి.

ఇక కొలవడం. బైకు చదును నేల మీద నిటారుగా ఉండాలి. స్టార్ట్ చేసి 3 నుంచి 5 నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, 2 లేదా 3 నిమిషాలు ఆగి చూడాలి. సైడ్ స్టాండు మీద చూసిన లెవెల్‌ని నమ్మకూడదు. లెక్క చిన్నదే: బైకు ఎడమకు 10 డిగ్రీలు వాలితే, ఇంజన్ మధ్య నుంచి కుడివైపు 10 సెం.మీ. దూరంలో ఉన్న అద్దం (ఆయిల్ మట్టం బయటికి కనబడే చిన్న గాజు కిటికీ) దగ్గర ఆయిల్ మట్టం సుమారు 1.8 సెం.మీ. కిందికి కనిపిస్తుంది. చాలా బైకుల్లో రెండు గుర్తుల మధ్య అంత దూరమే ఉండదు. అద్దం ఖాళీగా కనబడి పోస్తూ పోతే, నిటారుగా నిలబెట్టేసరికి అద్దం నిండిపోయి ఉంటుంది.

డిప్‌స్టిక్, అంటే మూతకి అమర్చిన కొలత కడ్డీ, ఉన్న బైకుల్లో ఇంకో చిక్కు. కొన్నింటికి మూత మరలు బిగించకుండా రంధ్రం అంచు మీద ఆనించి చూడాలి, కొన్నింటికి పూర్తిగా బిగించి చూడాలి. ఆనించాల్సినదాన్ని బిగిస్తే కడ్డీ మరల ఎత్తు మేర, అంటే దాదాపు సెంటీమీటరు, ఎక్కువ లోతుకు వెళ్తుంది. లెవెల్ సరిపోయిందని చూపిస్తుంది, ఇంజన్ మాత్రం ఆయిల్ తక్కువతో నడుస్తుంటుంది. ఈ ఒక్క వాక్యం కోసమైనా మాన్యువల్ తెరవాలి. చల్లటి ఇంజన్‌లో చూసిన లెవెల్‌ని వేడిదానితో పోల్చకూడదు కూడా. 70 డిగ్రీలు వేడెక్కితే లీటరు ఆయిల్ సుమారు 50 మి.లీ. ఉబ్బుతుంది. ఆయిల్‌ని విడిగా ట్యాంకులోనో ఫ్రేమ్‌లోనో దాచే డ్రై సంప్ బైకుల్లో, ఉదాహరణకి సుజుకి డీఆర్-జడ్ 400లో, హోండా ఎక్స్‌ఆర్ 650 ఆర్‌లో, ఇంజన్ నడిపి ఆపిన వెంటనే మాన్యువల్ చెప్పిన వ్యవధిలోనే చూడాలి. రాత్రంతా నిలబెట్టి ఉదయం చూస్తే ఆయిల్ కేసులోకి జారిపోయి ట్యాంకు ఖాళీగా అగుపిస్తుంది. అప్పుడు పోస్తే ఓవర్‌ఫిల్ ఖాయం.

ఆయిల్ మార్చేటప్పుడు జరిగే తప్పు మాన్యువల్‌లోని అంకెల దగ్గరుంది. అక్కడ సాధారణంగా రెండు మూడు పరిమాణాలిస్తారు: వట్టి డ్రెయిన్ చేసినప్పుడు, ఫిల్టర్ కూడా మార్చినప్పుడు, ఇంజన్ మొత్తం విప్పినప్పుడు. వీటి మధ్య తేడా 100 నుంచి 200 మి.లీ. దాకా ఉండొచ్చు. విప్పినప్పటి అంకె చూసి పోయడమే చాలా ఓవర్‌ఫిల్‌లకి కారణం, ఎందుకంటే డ్రెయిన్ చేశాక కూడా గేర్ల మూలల్లో పాత ఆయిల్ కొంత మిగిలే ఉంటుంది. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ చేసి, చెప్పిన పరిమాణం కంటే 100 మి.లీ. తక్కువ పోసి, నడిపి, ఆగి, చూసి, మిగతాది 50 మి.లీ. చొప్పున కలపడం మేలు. ఎక్కువైతే ఆయిల్ పోసే రంధ్రంలోంచి సన్న గొట్టం తగిలించిన సిరంజితో లాగేయొచ్చు. డ్రెయిన్ బోల్టు ప్రతిసారీ విప్పనక్కర్లేదు. ఆ బోల్టు అల్యూమినియం కేసులో బిగుస్తుంది. రాగి లేదా అల్యూమినియం వాషరు కొత్తది వేసి, మాన్యువల్ టార్క్‌కే బిగించాలి. 12 మి.మీ. బోల్టుకి అది చాలావరకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది. కారుతోందని ఇంకాస్త ఇంకాస్త అంటూ తిప్పితే మరలు ఊడి వస్తాయి. ఆపైన హెలికాయిల్ (పాడైన మరల చోట వేసే తీగ మరలు) వేయించడమే దారి.

లెవెల్ పెరగడం కూడా ఒక జబ్బే. ఎవరూ పోయకుండా మట్టం పైకొస్తే మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకని ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోక, పెట్రోలు కాక్ తెరిచి ఉంచిన రాత్రి ఇంధనం సిలిండర్ గుండా కేసులోకి దిగిందన్నమాట. ఆ పలచని ఆయిల్‌తో స్టార్ట్ చేయకూడదు. లిక్విడ్‌కూల్డ్ బైక్‌లో ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడి మట్టం పెరిగితే ముందు వాటర్ పంపు సీళ్లను అనుమానించాలి. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి కూలెంట్ వస్తే నీటివైపు సీలు, ఆయిల్ వస్తే ఆయిల్‌వైపు సీలు పోయినట్టు. అయితే చిన్న చిన్న దూరాలే తిప్పే బైకులో మూత లోపల మాత్రమే తెల్లటి మీగడ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది గాలిలోని తేమ. అరగంట బాగా నడిపితే పోతుంది.

లీకు చోటు పట్టడానికి కళ్లు చాలవు. గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది, బురద దాన్ని పీల్చుకుంటుంది. ఇంజన్ శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి, పది పదిహేను నిమిషాలు నడిపి చూడాలి. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే మూలం. ముందు స్ప్రాకెట్ దగ్గరి నల్లటి జిడ్డు చాలాసార్లు చైన్ లూబే. దాన్ని తుడిచాకే తీర్పు చెప్పాలి. నిజంగా అక్కడే కారుతుంటే సీలు ఒక్కటే మార్చి ఆగిపోవద్దు: స్ప్రాకెట్ వెనక ఉండే కాలర్ లోపల ఒక ఓ-రింగ్ ఉంటుంది, అది చదునైపోతే కొత్త సీలు వేసినా కారుతూనే ఉంటుంది. చైన్ మరీ బిగుతుగా పెట్టిన బైకుల్లో ఆ షాఫ్ట్ బేరింగు కూడా అరిగి సీలుని అటూ ఇటూ ఊపుతుంది. బైకు ఎడమవైపు పడ్డాక గేర్ లివర్ దగ్గర కారితే షాఫ్ట్ వంగిందేమో చూడాలి. జనరేటర్ వైర్లు బయటికొచ్చే రబ్బరు గ్రొమెట్ దగ్గరి చెమ్మని కవర్ గాస్కెట్ లీకని పొరబడటం మామూలే.

ఇవన్నీ చూసేముందు బ్రీదర్ పైపు ఊది చూడండి. వాగు దాటాక బురదతో మూసుకుపోయిన పైపు, లెవెల్ సరిగ్గా ఉన్నా, ఓవర్‌ఫిల్ చేసే పనే చేస్తుంది.

లెవెల్ సరిగ్గా ఉండి వేడెక్కే సందర్భాలూ ఉన్నాయి, ఆయిల్ మీదే నెట్టేయడం న్యాయం కాదు. ఇంజన్ వేడిని గాలికి వదిలే ఫిన్ల మధ్య గట్టిపడ్డ బురద, రేడియేటర్ మూసుకుపోవడం, పెట్రోలు తక్కువగా అందే కార్బురేటర్ సెట్టింగు, రాసుకుంటున్న బ్రేకులు, ఇవి ముందు చూడాలి. ఒక్కటి మాత్రం చాలామంది మరిచిపోతారు: పేపర్ ఆయిల్ ఫిల్టర్ తలకిందులుగా పెట్టడం. ఒకవైపు మూసి ఉండే ఫిల్టర్‌ని తిప్పి పెడితే లెవెల్ చక్కగా చూపిస్తుంది కానీ ఆయిల్ హెడ్డుకి చేరదు. ఫిల్టర్ మీద బయటివైపు గుర్తు ఉంటుంది, స్ప్రింగు ఎటువైపో కూడా చూసి పెట్టాలి.

ఆయిల్ ఎంపిక మీద పెద్దగా చెప్పేది లేదు. తడి క్లచ్‌కి సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉండి, మాన్యువల్ చెప్పిన చిక్కదనంలో ఉంటే చాలు. ఘర్షణ తగ్గించే మందులు కలిసిన కారు ఆయిల్ తడి క్లచ్‌ని జారేలా చేస్తుంది, ఆ జారుడు మళ్లీ వేడే.

అద్దం మేలా డిప్‌స్టిక్ మేలా అంటే, బురదలో తిరిగే బైకుకి అద్దానికే మా ఓటు. మూత తీయకుండా చూడొచ్చు, లోపలికి ఇసుక రాలదు. కానీ అద్దం లోపల మరక పడితే ఖాళీ కూడా నిండుగా కనిపిస్తుంది. బైకుని మెల్లగా పక్కకి ఊపి మట్టం కదులుతోందో లేదో చూడాలి.

2-స్ట్రోక్ వాళ్లకి ఒక మాట. మీ ఇంజన్ కేసులో ఉన్నది గేర్ ఆయిల్ మాత్రమే, పిస్టన్‌కి తడి పెట్రోలులో కలిపిన ఆయిల్‌తోనే. బయట చుక్క కారకుండా గేర్ ఆయిల్ తగ్గుతూ సైలెన్సర్ నుంచి చిక్కటి తెల్ల పొగ వస్తుంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయింది. జనరేటర్ వైపు సీలు పోతే ఆయిల్ తగ్గదు, అదనపు గాలి చొరబడి మిశ్రమం పలచబడి పిస్టన్ కాలుతుంది. ఆ సీలుని లెవెల్ చూసి పట్టలేరు, ఇంజన్‌లోకి గాలి ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయాల్సిందే.