బరువులెత్తేటప్పుడు కండ మీద ధ్యాసా, బార్ మీద ధ్యాసా: ఏది మేలు?

విజయనగరంలో మా జిమ్‌కి ఇద్దరు ట్రైనర్లు. పొద్దున ఉండే అన్న ఏ సెట్ చేయించినా కండ మీద వేలితో పొడుస్తాడు. "ఇక్కడ ఫీల్ రావాలి తమ్ముడూ, ఇక్కడ!" సాయంత్రం వచ్చే మాష్టారు కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చినవాడు. నెల్లిమర్ల దగ్గర ఆ ఊరికి లిఫ్టర్ల ఊరని పేరు. ఆయన నోట కండ పేరే రాదు. "నేలని తన్ను." "బార్‌ని పైకప్పుకేసి కొట్టు." (బార్ అంటే ప్లేట్లు తగిలించే ఇనప కడ్డీ.) అంతకుమించి చెప్పడు.

నా ఆఫీసు షిఫ్టు మారినప్పుడల్లా నాకు గురువు మారేవాడు, గురువుతో పాటు ధ్యాస కూడా మారేది. ఏడాది పాటు ఇద్దరి మాటా విన్నాక, కొంత చదువుకున్నాక నా లెక్క ఒకటి తేలింది. ఇద్దరూ కరెక్టే, కాకపోతే ఒకరి మందు ఇంకొకరి రోగానికి వాడుతున్నారు.

ముందు నాకు బాగా తగిలిన దెబ్బ చెబుతాను. 120 కిలోల డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బార్‌ని వంగి పట్టుకుని నిలబడడం. అంతకుముందు వారం 115 లేచింది కాబట్టి ఇది లేవకపోవడానికి కారణం లేదు. బార్ ముందు వంగాను. నడుము నిటారు, భుజాలు వెనక్కి, పొట్ట బిగింపు, తొడ వెనక లాగాలి, పిరుదులు బిగించాలి... అన్నీ వరసగా తలుచుకుంటూ లాగాను. ప్లేట్లు ఒకసారి టక్కుమన్నాయి, బార్ మాత్రం నేలని వదల్లేదు. మాష్టారు చూసి, "ఏటయ్యా అంత లిస్టు, సంతకెళ్తున్నావా? నేలని కాళ్లతో కిందికి నెట్టు, చాలు" అన్నాడు. అయిదు నిమిషాలాగి మళ్లీ పట్టాను. లేచింది. ఆ అయిదు నిమిషాల విశ్రాంతికీ అందులో వాటా ఉందనుకోండి. అయినా ఆ తేడా చేతులకి తెలిసింది. మొదటిసారి ఒళ్లంతా బిగుసుకుపోయింది, రెండోసారి బిగువంతా కాళ్లలోకి దిగింది.

దీని మీద గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1990ల చివర్లోనే పని మొదలుపెట్టారు. ఆవిడ వాదన సులువుగా చెప్పాలంటే ఇది: ఒంటికి అలవాటైన పనిని మధ్యలో మనసు పర్యవేక్షించబోతే పని చెడుతుంది. మెట్లు దిగుతూ ఇప్పుడు ఏ మోకాలు ఎంత వంచుతున్నానా అని చూసుకోండి, రెండో మెట్టుకే తడబడతారు. మనసుని ఒంటి బయట ఒక వస్తువు మీద పెడితే ఒళ్లు తన పని తాను చేసుకుపోతుంది. బరువుల్లో అయితే ఆ వస్తువు బారో, నేలో, పైకప్పో.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కండ మీద ధ్యాస పెట్టి ఎత్తినప్పుడు కండలోని విద్యుత్ చలనం కొలిస్తే, అదే బరువుకి ఎక్కువ చూపిస్తుంది. చూడగానే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ దానికి ఎదురు దిక్కున లాగే కండ కూడా అనవసరంగా బిగుస్తుంది. అంటే అదే పనికి ఖర్చు ఎక్కువ. 120 కిలోలు లేపాల్సినవాడికి ఇది శుద్ధ దుబారా. మరి పది కిలోల డంబెల్‌తో బైసెప్, అంటే మోచేతి పైన ముందు కండ, పెంచుకుంటున్నవాడికో? వాడికి కావలసిందే ఆ ఖర్చు. వాడు బరువుని పైకి చేర్చడానికి రాలేదు, కండని అలసటపెట్టడానికి వచ్చాడు. పొద్దునన్న పొడుపులో న్యాయం అక్కడుంది.

2018లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం ఇదే పరీక్షించింది. అంతకుముందు బరువులు ఎత్తని 30 మంది కుర్రాళ్లు, వారానికి మూడు రోజులు, 8 వారాలు. సగం మందికి 'కండని పిండు' అని, మిగతా సగానికి 'బరువుని లేపు' అని చెప్పారు. బైసెప్ వైపు కండ మందం మొదటివాళ్లకి 12.4 శాతం పెరిగింది, రెండోవాళ్లకి 6.9 శాతం. తొడ కండ దగ్గర మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనకి చెయ్యి మీద ఉన్నంత పట్టు తొడ మీద ఉండదు కాబట్టేమో. తొడ ముందు కండని ఒక్కదాన్నే బిగించమంటే చాలామందికి మోకాలు, పిర్ర, పొట్ట కలిసి బిగుస్తాయి. ముప్పై మందితో, అదీ కొత్తవాళ్లతో చేసిన పరీక్ష కాబట్టి దీన్ని శిలాశాసనం చేయను గానీ, నా చేతుల అనుభవం దీనికి ఎదురు చెప్పలేదు.

మరి పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి తోసే బెంచ్ ప్రెస్ సంగతి? అది రెండింటికీ మధ్య నడుస్తుంది. 2016లో అలవాటున్న 18 మంది మగవాళ్ల మీద చూశారు. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 60 శాతం దాకా, ఛాతీ మీద ధ్యాస పెడితే ఛాతీ ఎక్కువ పని చేసింది. 80 శాతానికి వచ్చేసరికి ఏం అనుకున్నా ఒకటే. బరువు అంతయ్యాక కండలు మన మాట వినవు. ఉన్నవన్నీ కలిసి తోసేస్తాయి.

నేను ఇదే మాష్టారుతో అంటే ఆయన నవ్వి, "స్నాచ్ చేసేటప్పుడు బార్ నేల మీంచి తల మీదికి రెప్పపాటులో వెళ్లాలి. మన కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోలు లేపింది అలాగే. అందులో ఏ కండని తలుచుకుంటావోయ్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

చెంపలు వాయించుకుని, పాట పెంచుకుని, గట్టిగా అరిచి ఎత్తేవాళ్ల సంగతి వేరు. అది ధ్యాస ఎక్కడ అన్నది కాదు, ఉద్రేకపు వేడి ఎంత అన్నది. ఒంటి బలమే ప్రధానమైన డెడ్‌లిఫ్ట్ లాంటి వాటికి కాస్త వేడి పనికొస్తుంది. సున్నితమైన స్నాచ్‌కి ఎక్కువైతే చెడుతుంది. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద ఇలాంటిదే చూశారు: పని ఎంత చిక్కైనదైతే తట్టుకోగల ఉద్రేకం అంత తక్కువ. మా జిమ్‌లో కర్ల్ సెట్‌కి (మోచెయ్యి వంచి డంబెల్ లేపడానికి) అరిచే కుర్రాడి కేసు మాత్రం ఏ శాస్త్రానికీ అందదు.

మాష్టారు పద్ధతిలోనూ ఒక లోటుంది. కొత్తవాడిని తెచ్చి ఒక్కసారిగా "నేలని తన్ను" అంటే వాడు నడుము విల్లులా వంచి తంతాడు. భంగిమ తెలియనివాడికి ముందు ఒంటి సంగతే చెప్పాలి: ఊపిరి పట్టు, పొట్ట బిగించు, వెన్ను తిన్నగా ఉంచు. అందుకే నేను ఈ ఒంటి లిస్టంతా బార్ కదలకముందే ముగించేస్తాను. వంగి పట్టుకునేదాకా పొద్దునన్న మాట, బార్ కదిలాక మాష్టారు మాట. ఒకసారి కదిలాక మధ్యలో నడుము గుర్తొస్తే ఆ రెప్, అంటే ఆ ఎత్తు, పోయినట్టే.

ఇప్పుడు నా నోట్‌బుక్కులో బరువుల పక్కన ఒక్కో మాట రాసుకుంటున్నాను. డెడ్‌లిఫ్ట్‌కి 'నేల', బరువైన బెంచ్‌కి 'కప్పు'. వార్మప్ బెంచ్‌కి 'ఛాతీ', కర్ల్‌కి 'బైసెప్'. భుజాల మీద బార్‌తో గుంజీ తీసే స్క్వాట్ పక్కన ఇంకా ఖాళీయే, మూడు మాటలు రాసి కొట్టేశాను. మొన్న పొద్దునన్న ఆ పేజీ చూశాడు.

"బెంచ్‌కి కప్పేంటి తమ్ముడూ, ఛాతీ కదా?"

"చివరి రెండు సెట్లకే అన్నా. ముందు సెట్లన్నీ ఛాతీయే."

పుస్తకం నా చేతికిచ్చేసి, నేను బార్ కింద పడుకోగానే అలవాటు కొద్దీ ఛాతీ మీద వేలు పెట్టాడు.