ఫ్లెక్స్ వేసేవాడు చూసిన ‘టామీ’

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర నాది ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు. పెద్ద హీరో సినిమా రిలీజంటే ముందురోజు రాత్రి నాకు నిద్రుండదు. "అన్నా, నా ఫోటో హీరో భుజం పక్కనే పడాల" అని ఒకడు. వాడి ఫోటోకంటే తనది రెండించులు పెద్దదిగా ఉండాలని ఇంకొకడు. బెంగళూరు నుంచి మా బామ్మర్ది ‘టామీ’ అనే ఈ సినిమా డిస్క్ తెచ్చి, "పిచ్చి సినిమా బావా, పది నిమిషాలు కూడా కూర్చోలేవు" అన్నాడు. రెండుసార్లు చూశాను.

1975లో కెన్ రసెల్ తీసిన ఇంగ్లాండు సినిమా. ద హూ అనే ఇంగ్లాండు రాక్ బ్యాండ్ 1969లో తెచ్చిన ఆల్బమే దీని కథ. మాటలు దాదాపు లేవు, అంతా పాటలే. పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్లకు అది ఇబ్బందేం కాదు. కళ్లెదుటే తండ్రిని చంపడం చూసి చూపూ, మాటా, వినికిడీ పోయిన టామీ అనే పిల్లాడు పిన్‌బాల్ అనే, మెషీన్‌లో గుండును కొట్టే ఆటలో మొనగాడవుతాడు. తర్వాత జనం వాణ్ణి దేవుణ్ణి చేసేస్తారు.

నన్ను కట్టిపడేసింది హాలీవుడ్ తార మార్లిన్ మన్రోని దేవతలా కొలిచే చర్చి. ఎరిక్ క్లాప్టన్ గిటారు వాయిస్తుంటే రోగులంతా వరసకట్టి ఆమె బొమ్మను మొక్కుతారు. తీర్థం విస్కీ, ప్రసాదం మాత్రలు! చివరికి ఆ బొమ్మ పడి ముక్కలవుతుంది. కటౌట్‌కి పాలు పోసేటప్పుడు కింద నిచ్చెన పట్టుకునేవాణ్ణి నేను. నాకు నవ్వు రాలేదు.

తల్లిగా వేసిన ఆన్-మార్గ్రెట్ ఉన్న తెల్లగదిలో టీవీ పగిలి నురగ, ఉడికిన బీన్స్, చాక్లెట్ వరదలా వస్తాయి. ఆమె అందులో పడి దొర్లుతుంది. "ఇదంతా ఎవరు కడగాల?" అంటూ మా ఆవిడ లేచెళ్లిపోయింది. ఆ షూటింగులో గాజు తగిలి ఆమె చెయ్యి తెగింది, కుట్లు కూడా పడ్డాయి. ఆ పాత్రకే ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

గాయకుడు ఎల్టన్ జాన్ స్తంభాల్లాంటి బూట్లేసుకుని పాడే పాట అదుర్స్. హాలీవుడ్ నటుడు జాక్ నికల్సన్ పాట మాత్రం తేలిపోయింది. ఆఖరి అరగంట సాగుతుంది. పిల్లాణ్ణి హింసించే సీన్లున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే పెట్టకండి. మామూలు టీవీ స్పీకర్లో సగం సినిమా పోతుంది. మొదటిసారి అలా చూసి, రెండోసారి బామ్మర్ది హోమ్ థియేటర్ అరువు తెచ్చుకున్నాను.

శాలీ అనే అమ్మాయి ఇంట్లో వద్దన్నా వినకుండా టామీని చూడ్డానికి వెళ్తుంది. స్టేజీ ఎక్కితే తోసేస్తారు, చెంప చీరుకుపోతుంది. అక్కడ ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా షాపు కుర్రాడు ఒక బెనిఫిట్ షో తొక్కిసలాటలో ముంజేయి విరగ్గొట్టుకుని, కట్టు కట్టించుకుని అదే రోజు ఫస్ట్ షోకి వెళ్లాడు.

వాడికీ ఆ సీన్ చూపించాను. కళ్లార్పకుండా చూసి ఒక్కటే అడిగాడు: "ఆ పాపకి టికెట్ యాడ దొరికిందన్నా?"