జియో-సైంటిస్ట్ పరీక్షా, గేటా?

ఎమ్మెస్సీ జియాలజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ తప్పదు. సిలబస్ చాలావరకు ఒకటే, చదివే పద్ధతే వేరు. గేట్ (ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థులు రాసే జాతీయ స్థాయి పరీక్ష) ఒక్క పూటలో తేలిపోతుంది: మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అంకెతో జవాబిచ్చే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

యూపీఎస్సీ పెట్టే జియో-సైంటిస్ట్ పరీక్ష దారి చాలా పొడవు. ప్రిలిమ్స్‌ 400 మార్కులు, మెయిన్స్‌లో 200 చొప్పున మూడు వ్యాసరూప పేపర్లు, ఇంటర్వ్యూకి మరో 200. అసలు పరీక్ష మెయిన్సే. కడప బేసిన్ గురించి అడిగారనుకోండి. పాపాఘ్ని, చిత్రావతి, నల్లమల అనే రాతి పొరల గ్రూపులను కింది నుంచి పైకి వరసగా పేర్చి, ఆపైన కర్నూలు గ్రూపు పెట్టి, పటం గీసి వివరించాలి. నాలుగు ఆప్షన్లు చూసి టిక్కు పెట్టే అలవాటున్న పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అందుకే జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఉద్యోగమే లక్ష్యమైతే మెయిన్స్‌కే ముందు చదవండి, మొదటి నుంచీ రోజుకో జవాబు రాయండి. గేట్ కోసం పైన లెక్కలూ ఆప్టిట్యూడూ కలుపుకుంటే సరిపోతుంది. గేట్‌తో మొదలుపెట్టినవాళ్లకు మెయిన్స్ దగ్గర రాత సాధన మళ్లీ మొదటికొస్తుంది.