ముసలి పిల్లికి టూత్‌పేస్టు: విర్‌బాక్ సీఈటీ, పౌల్ట్రీ ఫ్లేవర్

పేస్టు బాగుంది, ముందే చెప్పేస్తున్నా. కానీ మీ పిల్లి పళ్ళకి ఇప్పటికే గార గట్టిపడిపోయి ఉంటే ఇది కొని డబ్బులు తగలేసుకోకండి, ముందు డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించండి, ఆ తర్వాతే దీని పని. ఆన్‌లైన్‌లో అందరూ 5 స్టార్లు కొట్టేసి "స్మెల్ పోయింది, సూపర్" అని ఒక ముక్క రాసి వదిలేస్తున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మా లడ్డుగాడికి 12 ఏళ్ళు. వీధిలోంచి వచ్చినవాడే, కానీ వేషాలు మాత్రం జమీందారువి. కొన్నాళ్ళుగా నోరు ఒకటే కంపు, తల ఓ పక్కకి వంచి నమలడం, గింజలు సగం కింద పడేయడం. మా అత్తయ్య అయితే "ముసలాడైపోయాడు కదమ్మా, అలాగే ఉంటుంది" అంది. వయసుకి నోరు కంపు కొట్టదండీ, చిగుళ్ళు చెడితే కొడుతుంది.

డాక్టర్ గారు పెదవి పైకెత్తి చూపించారు. పై దవడ పళ్ళ మీద బ్రౌన్ కలర్ పెచ్చు, దాని పైన చిగురు అంచంతా ఎర్రగా గీత గీసినట్టు. ఉమ్మి ఊరే గొట్టం అక్కడే తెరుచుకుంటుంది, అందులో కాల్షియం ఉంటుంది కాబట్టి ముందు అక్కడే గార కడుతుందట. అది కాక కింద ఒక పన్ను మొదట్లో గుంట పడి, చిగురు ఆ గుంటలోకి పాకేసింది, అక్కడ తాకితే చాలు దవడ గడగడా వణికించేస్తున్నాడు. టూత్ రిసార్ప్షన్ అంటారు, అంటే పన్ను దానంతటదే కరిగిపోవడం, పెద్ద వయసు పిల్లుల్లో చాలా కామన్. మనకి చేసినట్టు ఫిల్లింగ్ చేస్తే ఆగదు, పన్ను తీసేయాల్సిందే, వేరు ఎంతవరకు పోయిందో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. ముసలి ప్రాణం కదా, మత్తు ఇచ్చే ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో బ్లడ్ టెస్ట్ చేశారు. ఇది అడక్కుండా నేరుగా మత్తు ఇస్తామనే చోటికి మాత్రం వెళ్ళకండి.

ఈ లోపు ఒక గ్రూమింగ్ షాపువాళ్ళు మత్తు లేకుండానే గీకేస్తాం మేడం, రేటు కూడా తక్కువ అన్నారు. పైకి కనిపించే గార పోయి పళ్ళు తెల్లగా మెరుస్తాయి, అసలు రోగం చిగురు కింద అలాగే ఉండిపోతుంది, పైగా ఆ ఇనప పుల్లతో గీకుతుంటే పిల్లి కదలకుండా కూర్చుంటుందా ఏంటి. వద్దనేశాం, డాక్టర్ దగ్గరే చేయించాం.

ఇక పేస్టు సంగతి. 70 గ్రాముల ట్యూబ్, మా వదిన అమెరికా నుంచి వస్తుంటే తెప్పించాను. నురగ రాదు, మింగేసినా ఫర్వాలేదు, అదే దీంట్లో అసలు గొప్ప. పిల్లికి ఉమ్మేయడం రాదు కాబట్టి మన పేస్టు అస్సలు వాడకూడదు, ఫ్లోరైడ్, నురగ అన్నీ కడుపులోకే పోతాయి. ఇందులో గ్లూకోజ్ ఆక్సిడేజ్, లాక్టోపెరాక్సిడేజ్ అని ఎంజైములు ఉంటాయి, పాచిలో బాక్టీరియాని అణచడానికి. వాసన చికెన్ ఉడికించిన నీళ్ళలా ఉంటుంది. మావాడు ట్యూబ్ మూత తీసిన చప్పుడుకే సోఫా దిగి వస్తాడు, వాడికి ఇది మందు కాదు, టిఫిన్. సీఫుడ్ ఫ్లేవర్ కూడా ఉంది, చేప పిచ్చి ఉన్న పిల్లులకి అది ట్రై చేయొచ్చు.

కానీ నాకితే సరిపోదు, తోమాలి. మొదట్లో వేలి మీద పెట్టి నాకించాను, తర్వాత వేలితోనే పళ్ళకి రాశాను, అలవాటయ్యాకే బ్రష్. నోరు తెరవక్కర్లేదు, పెదవి కొంచెం పైకి లేపి బుగ్గ వైపు చిగురు అంచు మీద తిప్పితే చాలు, లోపలి వైపు ఎలాగూ వాడి గరుకు నాలుక చూసుకుంటుంది. మెత్తటి పాచి గట్టిపడి గారగా మారడానికి రెండు మూడు రోజులు చాలు, అందుకే ఆదివారం ఒక్కపూట తోమి వదిలేస్తే ఏం లాభం లేదు, రోజూ అయితే మంచిది, కుదరకపోతే కనీసం రోజు మార్చి రోజు. ఇప్పుడు చిగుళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి, మొహం మీదికొచ్చి ఆవలిస్తే నేను తల తిప్పుకోవట్లేదు.

పన్ను తీయించాక కుట్లు మానేదాకా బ్రష్ పెట్టొద్దు, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్నే అడగండి. నొప్పికి ఆయన ఇచ్చిన మందే వేయండి, ఇంట్లో ఉంది కదా అని పారాసెటమాల్ ముక్క మాత్రం వేయకండి, పిల్లికి అది విషం, ప్రాణం తీసేస్తుంది. డెంటల్ ట్రీట్లు కొనేటట్టయితే ప్యాకెట్ మీద వీఓహెచ్‌సీ (పెంపుడు జంతువుల పళ్ళ ఉత్పత్తులు పని చేస్తాయో లేదో చూసే వెటర్నరీ సంస్థ) ముద్ర ఉందో లేదో చూసుకోండి, పిల్లుల గ్రీనీస్‌కి ఉంది, బొమ్మ మీద తెల్లటి పళ్ళు వేసి అమ్మేవాటిని నమ్మకండి.

నా రేటింగ్ 4. మా దగ్గరి మామూలు పెట్ షాపుల్లో నాకు దొరకలేదు, అందుకే ఒకటి తగ్గించా. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఎక్స్‌పైరీ డేట్ చూసుకోండి, కాంబోలో వచ్చే వేలి బ్రష్‌ల కోసం మాత్రం ఎక్స్‌ట్రా పెట్టొద్దు, నేను కొన్నది పిల్లి నోటికి మరీ లావు. మెడికల్ షాపులో పసిపిల్లల మెత్తటి బ్రష్, చిన్న తల ఉన్నది అడగండి, దాంతోనే లాగిస్తున్నా.