నల్లగొండ రోడ్డు పక్క హెల్మెట్లు: కొనే ముందు లోపల చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ రోడ్ల పక్కన తాడుకు వేలాడదీసి అమ్మే చవక హెల్మెట్లలో చాలావాటి పని చలాన్ తప్పించడం వరకే. లోపలి గుడ్డ పైకెత్తి చూడండి. గట్టి థర్మోకోల్ పొర ఉండాల్సిన చోట మెత్తటి స్పాంజి కనిపిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి ఆ ఊపును మింగేది థర్మోకోలే. స్పాంజి చప్పున అణిగిపోతుంది, దెబ్బంతా తలకే.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అట్లని స్టిక్కర్‌ను నమ్మొద్దు, అదీ నకిలీ దొరుకుతుంది! గుర్తు పైన హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే కేంద్ర సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్సు నడుస్తున్నదో లేదో తేలుతుంది.

సైజుకు కనుబొమ్మల పైన తల చుట్టూ టేపు పెట్టండి. 58 సెంటీమీటర్లు ఒక కంపెనీకి మీడియం, ఇంకో కంపెనీకి లార్జ్. పట్టీ బిగించాక వెనక నుంచి ముందుకు నెట్టండి, ఊడొస్తే వదిలేయండి. నల్ల అద్దం మాత్రం వద్దు. రాత్రిపూట నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కితే, లైట్లు లేకుండా ఆగిన లారీ దగ్గరికొచ్చేదాకా కనిపించదు.