వాటాబర్గర్ పుట్టిన ఊరికి వెళ్ళొచ్చాం

డాలస్‌లో ఉండే మనవాళ్ళకి వాటాబర్గర్ అనే బర్గర్ షాపుల చెయిన్ కొత్తేమీ కాదు, అర్ధరాత్రి ఆకలేస్తే తెరిచి ఉండేది అదే. అది పుట్టిన కార్పస్ క్రిస్టీకి, అంటే టెక్సస్‌లోనే సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి మాత్రం మొన్ననే వెళ్ళాం, అత్తయ్యని కూడా తీసుకుని, కారులో ఆరేడు గంటల ప్రయాణం.

షోర్‌లైన్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న రెండంతస్తుల వాటాబర్గర్‌కే వెళ్ళండి, హైవే పక్కన కనిపించినదాంట్లో తినేసి సరిపెట్టుకోకండి. పైన కూర్చుంటే గాలి అదిరిపోతుంది, ఆర్డరిచ్చాక వాళ్ళిచ్చే నారింజ రంగు నంబరు బల్ల మీద పెట్టుకుంటే తిండి మన దగ్గరికే తెస్తారు. మేం బీఫ్ తినం కాబట్టి చికెన్ తీసుకున్నాం, కారం కెచప్ మాత్రం రెండుసార్లు అడిగి తెచ్చుకున్నాం. హనీ బటర్ చికెన్ బిస్కెట్ (మన బిస్కెట్ కాదు, మెత్తటి బన్నులాంటి దాంట్లో చికెన్) రాత్రి 11 నుంచి పొద్దున 11 లోపే దొరుకుతుంది, దానికోసం మర్నాడు మళ్ళీ వెళ్ళాం.

1950లో హార్మన్ డాబ్సన్ ఈ ఊళ్ళోనే చిన్న షాపు పెట్టి, రెండు చేతులా పట్టుకుంటే గానీ తినలేనంత బర్గర్, 5 అంగుళాల బన్నుతో, 25 సెంట్లకి అమ్మాడు. ధర 30 సెంట్లు చేద్దామంటే భాగస్వామితో తేడాలొచ్చి విడిపోయారు. ఆయనకి విమానాలంటే ప్రాణం, చివరికి 1967లో విమాన ప్రమాదంలోనే పోయాడు. అప్పుడు భార్య గ్రేస్ వ్యాపారాన్ని వదిలెయ్యకుండా తన చేతుల్లోకి తీసుకుంది. నా దృష్టిలో అసలు కథ అదే. అత్తయ్యకి చెబితే ఫ్రైస్ తినడం ఆపి, "పిల్లల్ని పెట్టుకుని ఇంతటిదాన్ని నిలబెట్టిందా తల్లీ!" అంది. ఆ కుటుంబం 2019లో ఎక్కువ వాటా షికాగో సంస్థకి అమ్మేసిందని విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది.

బసకి నీళ్ళ పక్క హోటల్ తీసుకున్నాం, వ్యూ బాగుంది కానీ పార్కింగ్‌కి విడిగా డబ్బులు కట్టించుకున్నారు, ఏసీ రాత్రంతా గరగరమంటూనే ఉంది. బుక్ చేసే ముందే పార్కింగ్ సంగతి ఫోన్ చేసి అడగండి. యూఎస్‌ఎస్ లెక్సింగ్టన్ యుద్ధనౌక మ్యూజియం తప్పకుండా చూడాల్సిందే, మూడు గంటలైనా పెట్టుకోండి, నిటారు మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టం. అత్తయ్య కింది అంతస్తు చూసి ఆగిపోయింది. సాయంత్రం ఎండ తగ్గాక అక్కణ్ణుంచి తిన్నగా షోర్‌లైన్ రోడ్డుకి వచ్చి పైఅంతస్తులో చోటు పట్టుకోండి.